చూపు పరిశోధన నెట్‌వర్క్‌కు ఎలాంటి డైరెక్టర్ కావాలి? ఆరోగ్య పరిశోధన శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. కంటిచూపు, నేత్రారోగ్య పరిశోధన నెట్‌వర్క్ డైరెక్టర్ పదవి ఖాళీ అవుతోంది. ఎంపిక ముసాయిదాలో అర్హతల కింద మొదట పెట్టింది ప్రచురించిన పత్రాల సంఖ్య, ఆ తర్వాత సొంత ల్యాబ్‌కు తెచ్చుకున్న గ్రాంట్ల మొత్తం. ఈ రెండింటితో మంచి శాస్త్రవేత్త ఎవరో తెలుస్తుంది, కాదనం. నెట్‌వర్క్ నడపడం మాత్రం వేరే పని. అదేమిటో చెప్పి, నియామక షరతులు మార్చమని కోరుతున్నాం.

నెట్‌వర్క్ వల్ల ఏం ఒరుగుతుందో తెలియాలంటే మధుమేహం వల్ల వచ్చే కంటి జబ్బులపై పరిశోధనకు అమెరికాలో 2002లో మొదలైన డీఆర్‌సీఆర్ నెట్‌వర్క్‌ను చూస్తే చాలు. మధుమేహం వల్ల మాక్యులాలో, అంటే కంటి వెనక తెర (రెటీనా) మధ్యభాగంలో, నీరు చేరినవారికి కంట్లోకి ఇచ్చే మూడు ఇంజెక్షన్లను, అంటే అఫ్లిబర్‌సెప్ట్, బెవాసిజుమాబ్, రానిబిజుమాబ్‌లను, 89 కేంద్రాల్లో 660 మందిపై పోల్చి 2015లో ఫలితాలు ప్రకటించింది. ఏడాదికి చూపు, చార్టు మీద చదవగలిగే అక్షరాల లెక్కన, సగటున వరుసగా 13.3, 9.7, 11.2 అక్షరాలు మెరుగుపడింది. మొదట్లోనే చూపు 20/50 (మామూలు చూపున్నవారు 50 అడుగుల నుంచి చదివేదాన్ని 20 అడుగుల నుంచి చదవగలగడం) లేదా అంతకంటే తక్కువగా ఉన్నవారిలో తేడా ఇంకా పెరిగింది: 18.9, 11.8, 14.2. చూపు అంతగా చెడనివారిలో మూడు మందులూ దాదాపు ఒకేలా పనిచేశాయి. చవకైన బెవాసిజుమాబ్ ఎవరికి సరిపోతుందో, ఎవరికి ఖరీదైన మందు ఇవ్వాలో అలా తేలింది. తన మందును చవక మందు పక్కన పెట్టి పోల్చమంటే ఏ కంపెనీ ఉత్సాహపడుతుంది? ఇలాంటి ప్రశ్నకు ప్రజాధనంతో నడిచే నెట్‌వర్కే జవాబు వెతకాలి.

ఇప్పుడు ఆ అంకెల్నే ఇంకోసారి చూడండి. మొత్తం రోగుల్లో మొదటి రెండు మందుల మధ్య తేడా 3.6 అక్షరాలు. చూపు కొలిచే ఈటీడీఆర్‌ఎస్ చార్టులో ఒక్కో వరుసకు 5 అక్షరాలుంటాయి. అంటే మనం వెతుకుతున్న తేడా ఒక వరుస కూడా లేదు. కొలతలో చిన్న అశ్రద్ధ దాన్ని మింగేస్తుంది. ఒక కేంద్రంలో ప్రతిసారీ కొత్తగా పవర్ చూసి ట్రయల్ లెన్సులు పెడతారు, ఇంకోచోట రోగి పాత కళ్లద్దాలతోనే చదివిస్తారు. ఒకరు ‘కనబడట్లేదు’ అనగానే ఆపేస్తే, మరొకరు ‘ఊహించి చెప్పండి’ అని రెండు మూడు అక్షరాలు రాబడతారు. 4 మీటర్లకు తయారైన చార్టును గది చాలక 3 మీటర్లలో పెట్టి స్కోరు సవరించకపోతే చూపు ఉన్నదానికన్నా బాగున్నట్లు వస్తుంది. పాత స్నెల్లెన్ చార్టు అంకెల్ని మార్చి రాసేవారు ఇంకో రకం. అందులో వరుస వరుసకూ అక్షరాల సంఖ్య మారుతుంది, కాబట్టి ఎంత జాగ్రత్తగా మార్చినా వివరం పోయినట్లే.

యంత్రాలదీ ఇదే కథ. రెటీనా మందాన్ని కొలిచే ఓసీటీ యంత్రాలన్నీ ఒకే గీత నుంచి ఒకే గీతదాకా కొలవవు. పాత స్ట్రాటస్ యంత్రం కాంతిగ్రాహక కణాల లోపలి, బయటి భాగాలు కలిసే గీత దగ్గర ఆగుతుంది. స్పెక్ట్రాలిస్ ఇంకా కిందికి, రెటీనా అడుగు పొరదాకా వెళ్తుంది. కాబట్టి ఒకే కంటికి పదుల మైక్రాన్ల తేడా వస్తుంది. అందుకే డీఆర్‌సీఆర్ పరీక్షల్లో వాపు ఉందని లెక్కించే హద్దును యంత్రాన్ని బట్టి, స్త్రీపురుషులను బట్టి వేర్వేరుగా పెట్టారు: స్పెక్ట్రాలిస్‌లో స్త్రీలకు 305, పురుషులకు 320 మైక్రాన్లు, సిర్రస్ అనే మరో యంత్రంలో 290, 305. ఇలాంటి పట్టిక లేకుండా పలు కేంద్రాల అంకెలు ఒకే ఫైల్లో పోస్తే, యంత్రం మారిన రోజున రోగి వాపు పెరిగినట్లు కనిపిస్తుంది. కంటి ఒత్తిడి చూసే గోల్డ్‌మన్ టోనోమీటర్‌ను 0, 20, 60 అంకెల దగ్గర సరిచూడాలి. చేశామని రాసిన రిజిస్టరు అడిగితే అన్ని కేంద్రాల్లోనూ దొరుకుతుందన్న నమ్మకం లేదు.

డేటాలో జరిగే తప్పుల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఖాళీ గడి. చూపును ఒక అంకెగా రాసే లాగ్‌మార్ స్కేలులో సున్నా అంటే 20/20, అంటే మామూలు చూపు. పరీక్ష జరగని రోజున ఖాళీ వదలాల్సిన గడిలో సాఫ్ట్‌వేర్ సున్నా నింపిందా, పరీక్షకు రాని రోగికి పూర్తి చూపు వచ్చేసినట్లే. ఇక 100 మంది రోగుల 200 కళ్లను 200 మంది మనుషులుగా లెక్కేయడం కూడా ఉంది. ఒకే మనిషి రెండు కళ్లూ ఒకదాన్నొకటి పోలి ఉంటాయి కనుక, లేని నిశ్చయం ఫలితంలోకి వచ్చి చేరుతుంది.

ఇవి సరిచేస్తే ఎవరి పేరుమీదా పత్రం రాదు. అందుకే అధికారం ఉన్నవారు పట్టించుకుంటే తప్ప జరగవు. డైరెక్టర్‌కు ముందుగా కావాల్సినది ఆ అధికారమే: చార్టు, లైటు, పరీక్షకుల శిక్షణ, యంత్రాల సరిచూత తనిఖీలో నెగ్గని కేంద్రం నుంచి డేటా తీసుకోనని చెప్పగలగాలి. అది ఎంత పేరున్న కేంద్రమైనా సరే. ఈ మాట చెప్పడానికి జంకే మనిషి ఎన్ని పత్రాలు రాసినా ఈ కుర్చీకి తగరు.

నేత్రనిధులతో (ఐ బ్యాంకులతో) ఒప్పందాలు కుదర్చడమూ డైరెక్టర్ పనే. చల్లని ద్రావణంలో 4 డిగ్రీల దగ్గర పెట్టిన కార్నియా సుమారు 14 రోజులదాకా నిలుస్తుంది. రెటీనా అలా కాదు. మరణించిన కొన్ని గంటల్లోనే దానిలోని ఆర్‌ఎన్‌ఏ పాడవడం మొదలవుతుంది. మార్పిడికి పనికిరాని కణజాలం పరిశోధనకైనా అందాలంటే, దాత కుటుంబం సంతకం చేసే పత్రంలో పరిశోధనకు వేరే అంగీకారం ముందే ఉండాలి. తర్వాత ఫోన్ చేసి అడిగే వ్యవధి ఉండదు.

పదవీకాలం నాలుగేళ్లు, ఒక్కసారే పొడిగింపు ఉండాలి. గౌరవ పదవిగా ఇస్తే పని అంతా సమన్వయకర్త మీద పడుతుంది. కాబట్టి వారానికి కనీసం రెండు రోజుల జీతం డైరెక్టర్ సొంత సంస్థకు చెల్లించి, ఆ రెండు రోజులూ నెట్‌వర్క్‌కు రాయించండి. పాత, కొత్త డైరెక్టర్లు కనీసం ఆరు నెలలు కలిసి పనిచేయాలి. పెద్ద అధ్యయనాలు నాయకుల కన్నా ఎక్కువ కాలం నడుస్తాయి: మాక్యులా క్షీణతపై విటమిన్ మిశ్రమం పనిచేస్తుందా అని చూసిన ఏఆర్‌ఈడీఎస్ అధ్యయనం 1992లో రోగులను చేర్చుకోవడం మొదలుపెట్టి 2001లో ఫలితాలిచ్చింది. ఆ విటమిన్ మిశ్రమంలోని బీటా కెరోటిన్ పొగతాగేవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెంచుతుందని తెలిసి, దాని బదులు లుటీన్, జియాజాంతిన్ పెట్టి చూసిన రెండో విడత ఫలితాలు 2013కు గానీ రాలేదు. డేటాలో ఏ గడికి ఏమర్థమో రాసి ఉంచే కోడ్‌బుక్‌ను అన్నేళ్లు కాపాడేది డేటా మేనేజర్లే. వారిని ఏడాది కాంట్రాక్టు మీద పెట్టడం మానండి.

నెట్‌వర్క్ ఇచ్చే చిన్న గ్రాంట్లను బయటి నిపుణులే మదింపు చేయాలి. డైరెక్టర్ ల్యాబ్ దరఖాస్తు పెట్టుకుంటే ఆ విడతలో డైరెక్టర్ గదిలో కూడా ఉండకూడదు. నిధుల్లో కనీసం 40 శాతం ఉమ్మడి చిత్రాల భాండాగారానికి, నమూనాల నిధికి, గణాంక సేవకు విడిగా కేటాయించాలని మా ప్రతిపాదన.

నిర్వహణ మండలిలో చూపు తగ్గినవారు ఉండాలనడం మర్యాద కోసం కాదు. చూపు పోగొట్టే ఆర్‌పీఈ65 అనే జన్యులోపానికి 2017లో అమెరికాలో అనుమతి పొందిన జన్యుచికిత్స ఫలితాన్ని ప్రధానంగా తేల్చింది అక్షరాల చార్టు కాదు. 1 నుంచి 400 లక్స్ దాకా వేర్వేరు వెలుతురులో అడ్డంకులు దాటి నడిచే పరీక్ష. ఏది కొలవాలో చెప్పగలిగేది చీకట్లో తడుముకుంటూ నడిచేవారే. వారికి పంపే పత్రాలు పెద్ద అక్షరాల్లో, స్క్రీన్ రీడర్ చదవగలిగేలా ఉండాలి. స్కాన్ చేసిన పీడీఎఫ్ పంపితే లాభం లేదు.

నామినేషన్లు మొదలయ్యేలోపు ఎంపిక కమిటీ సభ్యుల పేర్లు, వారి ఆర్థిక ప్రయోజనాల వివరాలు బయటపెట్టండి. అందులో ఒక గణాంక నిపుణులు, ఒక డేటా మేనేజర్, చూపు తగ్గినవారు ఇద్దరు ఉండాలి. ప్రతి అభ్యర్థి నుంచి రెండు పేజీల జవాబు తీసుకోండి: మొదటి ఏడాదిలో ఏ కొలతను అన్ని కేంద్రాల్లో ఒకటి చేస్తారు, ఎవరితో చేయిస్తారు, ఎంత ఖర్చవుతుంది?

ఇట్లు,
నెట్‌వర్క్‌లో పనిచేస్తున్న నేత్రవైద్యులు, ఆప్టోమెట్రిస్టులు, నేత్రనిధి సిబ్బంది, డేటా మేనేజర్లు