నలభై రూపాయల బిళ్ళ

తిరుపతి
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. జవాబు రాయనందుకు ఎంత తిట్టినా పడతాను, కానీ ముందు ఇది చదువు. అక్క కూతురికి బారసాల అయింది, పాప అచ్చం మా అమ్మ పోలిక. నాకు డ్యూటీ రేణిగుంటకు మారింది. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి. ఇక మిగతాదంతా నాయన కంప్యూటర్ గురించే.

2016లో మనమిద్దరం ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చామే, ఆ డబ్బానే. లీలామహల్ సర్కిల్ దగ్గర ఆటో ఎగిరినప్పుడు నువ్వన్న మాట మా ఇంట్లో ఇప్పటికీ నడుస్తోంది, అమ్మ కూడా వాడుతోంది! రిటైరయ్యాక నాయన అందులో చంద్రగిరి పక్కన మా ఊరి సంగతులన్నీ టైపు చేస్తున్నాడు. ఏ చెరువు కింద ఎవరి మడి ఉండేది, జాతరకు ఎవరు ఏ వేషం కట్టేవాళ్ళు, ఏ బావి ఎప్పుడు పూడిపోయింది, అన్నీ. ఆరేళ్ళ పని రా అది. రెండు వందల పేజీలు దాటింది.

సంక్రాంతి అప్పటి నుంచి దానికో జబ్బు పట్టుకుంది. పొద్దున ఆన్ చేస్తే నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వచ్చి ఎఫ్1 నొక్కమనేది. నాయన నొక్కేవాడు, విండోస్ వచ్చేది. ఏ సైటు తెరిచినా ఎర్ర గుర్తు, సురక్షితం కాదని. అంతకన్నా ఘోరం, కొత్తగా రాసిన పేజీలు కనబడకుండా పోయేవి. పోయాయనుకుని నాయన మళ్ళీ మొదటి నుంచి టైపు చేశాడు. మాకెవరికీ చెప్పలేదు. తానేదో నొక్కి వైరస్ తెచ్చుకున్నానని, నాకు తెలిస్తే విసుక్కుంటానని అనుకున్నాడట. అది విన్నప్పుడు నాకు... ఉండు, అది తర్వాత.

నేను డ్యూటీలో ఉన్న రోజు తానే సీపీయూను ఆటోలో వేసుకుని ఒక షాపుకు పోయాడు. పేరు రాయను. అక్కడి కుర్రాడు ఐదు నిమిషాలు చూసి, "మదర్‌బోర్డు పోయింది సార్, తొమ్మిది వేలవుతుంది. ఎలాగూ విండోస్ 10 పని అయిపోయింది, కొత్తది తీసుకోండి. ఇదే కావాలంటే ఫార్మాట్ కొట్టిస్తా" అన్నాడు. మదర్‌బోర్డంటే డబ్బా లోపల అన్నీ బిగించి ఉండే పెద్ద పలక. ఫార్మాట్ అంటే ఉన్నదంతా తుడిచిపెట్టేయడమని నాయనకు తెలియదు. సరే అనబోయాడు రా! ఏమనిపించిందో, మావాడిని అడిగి చెబుతానని తిరిగొచ్చేశాడు.

ఆ కుర్రాడు చెప్పిన వాటిలో ఒక్కటి నిజం. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. మా డబ్బాలో ప్రాసెసర్, అంటే దాని మెదడులాంటి చిప్పు, ఎనిమిదో తరం కన్నా పాతది కాబట్టి విండోస్ 11 మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం దానికి ఎక్కదు కూడా. కానీ దానికీ ఈ ఎర్ర గుర్తుకీ ఏం సంబంధం? పెద్దాయనను భయపెట్టడానికి నిజాన్ని పట్టుకొచ్చాడే, దానికే నాకు ఒళ్ళు మండింది.

కనిపెట్టింది మా అమ్మ! నేను తెర ముందు తల పట్టుకుని కూర్చుంటే, వెనకాల చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, "ఈరోజు ఏకాదశి కదరా, ఇందులో జనవరి ఒకటని ఉందేం?" అంది. కింద మూలన చూశాను. 01-01-2015.

అంతే మామా, మొత్తం అదే. ప్రతి సైటుకూ ఒక సర్టిఫికెట్ ఉంటుంది, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా చెల్లుతుందని, మన బస్సు పాసులాగా. 2015లో కూర్చున్న కంప్యూటర్‌కు ఆ పాసు ఇంకా మొదలే కాలేదు. ఎర్ర గుర్తు కింద చిన్న అక్షరాల్లో గడియారం వెనకబడిందని రాసే ఉంది, ఒక్కరమూ చదవలేదు. నాయన పేజీలూ ఎక్కడికీ పోలేదు. 2015 తేదీతో సేవ్ అయి లిస్టులో అట్టడుగుకు చేరాయి.

కరెంటు లేనప్పుడు కూడా టైమ్ గుర్తుంచుకోవడానికి మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. సీఆర్2032. పేరులోనే కొలత ఉంది చూడు, 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మందం. ప్లగ్గుకు కరెంటు అందుతున్నంతసేపూ దాని మీద భారం పడదు. కానీ నాయన రాత్రిపూట గోడ స్విచ్ కట్టేయందే పడుకోడు, ఆ స్విచ్చుల సంగతి నీకు వేరే చెప్పాలా! ఇన్నేళ్ళూ ఆ బిళ్ళే రాత్రుళ్ళు మోసింది.

గాంధీ రోడ్డులో నలభై రూపాయలిచ్చి కొత్తది తెచ్చాను. వైరు పీకేసి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుని, పక్క మూత విప్పాను. లోపల వేలెడు దుమ్ము, అందులో ఒక ఎండిపోయిన మల్లెపువ్వు. అమ్మ దసరాకు పూజ చేసినప్పటిది కాబోలు. స్క్రూడ్రైవర్ కొసతో పక్కనున్న చిన్న క్లిప్పును నెడితే బిళ్ళ టక్కున పైకి లేచింది. మా వీధిలో మిక్సీలు బాగుచేసే ఆయన మీటర్ పెట్టి చూశాడు. మూడు వోల్టులుండాల్సింది రెండు కూడా లేదు. ప్లస్ గుర్తు పైకి వచ్చేలా కొత్తది కూర్చోబెట్టి, ఆన్ చేసి, తేదీ సరిచేశాను. ఎఫ్1 అడగలేదు. సైట్లన్నీ తెరుచుకున్నాయి.

నాయన ఏమీ మాట్లాడలేదు. ఫైలు తెరిచి చివరి పేజీ దాకా పోయాడు, మళ్ళీ మొదటికి వచ్చాడు. తర్వాత మెల్లగా, "అయితే నేనేం చెడగొట్టలేదు కదా?" అన్నాడు. నాలుగు నెలలు మామా, ఒక్కడే కూర్చుని రోజూ పొద్దున ఎఫ్1 నొక్కుకున్నాడు. నేను పక్క గదిలోనే ఉన్నాను.

ఆ రాత్రే మొత్తం రెండు పెన్‌డ్రైవ్‌లలో ఎక్కించాను. ఒకటి మా బీరువాలో ఉంది. రెండోది ఈ కవర్లోనే ఉంది చూడు, నీలం రంగుది. ఇద్దరి ఇళ్ళూ వేర్వేరు ఊళ్ళలో ఉన్నాయి కాబట్టి నీ దగ్గరే క్షేమం. తెరిచి చదువుకో, జాతర అధ్యాయంలో మీ తాత ఉన్నాడు. మీ ఇంట్లో డెస్క్‌టాప్ కూడా అప్పటిదే కదా, వెంటనే తేదీ చూడు, బిళ్ళ మార్పించు.

గుండ్రాళ్ళ మాస్టారు కనబడ్డాడు మొన్న కపిలతీర్థం దగ్గర, నిన్నే అడిగాడు, ఆ పదకొండో టోకెన్ సంగతి ఇంకా... అయ్యో, పక్కింటి అబ్బాయి చెన్నై బస్సుకు బయలుదేరుతున్నాడు, గేటు దగ్గర నిలబడి పిలుస్తున్నాడు. కవరు అంటించాలి. ఉంటా