విషయం: రెండు కంప్యూటర్లలో తెరిచిన ప్రాజెక్టులో రెండు రోజుల పని చెరిగిపోవడం గురించి

పర్లాకిమిడి,
గజపతి జిల్లా, ఒడిశా.
సెప్టెంబరు 4

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

అయ్యా,

మీ వెబ్‌సైట్ల తయారీ సాఫ్ట్‌వేర్‌కు రెండేళ్లుగా చందా కడుతున్నవాణ్ణి. ఈ ఏడాది 6,400 రూపాయలు కట్టి మూడు కంప్యూటర్ల పథకం తీసుకున్నాను. ఇదే విషయం మీద ఇప్పటికి మూడు మెయిళ్లు పంపాను. మూడింటికీ ఒకటే జవాబు: క్యాష్ (కంప్యూటర్ దాచుకునే తాత్కాలిక ఫైళ్లు) తుడవండి, ఇంటర్నెట్ వేగం సరిచూసుకోండి. నా మెయిలు ఎవరూ చదవలేదని దాన్నిబట్టే తెలిసింది. అందుకే ఈసారి కాగితం మీద, మొదటి నుంచి రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

నాకు ఇక్కడ డీటీపీ, ఫొటోస్టాట్ దుకాణం ఉంది. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, దరఖాస్తులు తెలుగులోనూ ఒడియాలోనూ చేసిపెడతాను. ఊళ్లోని తెలుగువాళ్ల సంఘం ఒకటి పర్లాకిమిడి చరిత్ర మీద రెండు భాషల్లో వెబ్‌సైటు చేయమని అడిగింది. ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి రోజున, విడుదల. అదే తెలుగు భాషా దినోత్సవం కూడా. పంతులుగారు 1880లో ఈ ఊళ్లోనే ఉపాధ్యాయుడిగా చేరారు. సవర భాష నేర్చుకున్నదీ, దానికి వ్యాకరణం కట్టడానికి పూనుకున్నదీ ఇక్కడే. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరాక ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన పేజీ ఎంత జాగ్రత్తగా రాయాలో మీకు వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

పని మూడు కంప్యూటర్లలో జరిగింది. ఒకటి దుకాణంలోది, రెండోది ఇంట్లో నా లాప్‌టాప్, మూడోది పాతపట్నంలో మా మేనల్లుడిది. పాతపట్నం మాకు పక్క ఊరే, రాష్ట్రం మాత్రం వేరు. కూరగాయలకూ పెళ్లిళ్లకూ రోజూ దాటే సరిహద్దు అది. ఇన్నేళ్లలో అది మా పనికి ఎప్పుడూ అడ్డం రాలేదు, మీ సాఫ్ట్‌వేరే వచ్చింది. ప్రాజెక్టు ఫైలును మీ క్లౌడ్ ఫోల్డర్‌లో పెడితే ఎక్కడి నుంచైనా దిద్దుకోవచ్చని మీ అమ్మకాల పేజీలోనే ఉంది. మేము చేసింది అంతే.

ఇక జరిగింది వినండి. ఆగస్టు 14 రాత్రి ఇంట్లో లాప్‌టాప్‌లో ప్రాజెక్టు తెరిచి, కాసేపు చూసి, మూయకుండానే మూత దించి పడుకున్నాను. 15న దుకాణంలో కూర్చుని గిడుగువారి పేజీ మొత్తం కొత్తగా రాశాను. 16న మా ఒడియా మాస్టారు వచ్చారు. రిటైరై చాలా ఏళ్లయింది, ఒక కంటికి శుక్లం తీయించుకున్నారు. మౌసు పట్టరు. తెర మీద ఒక్కో మాట కింద వేలు పెట్టి చదువుతారు, తప్పు దగ్గర వేలు ఆగుతుంది, నేను దిద్దుతాను. అలా నాలుగు గంటలు కూర్చుని 23 ఒడియా పేజీలూ పూర్తిచేశారు. మధ్యలో ఒక్కసారి టీ తాగారు. డబ్బులు ఇవ్వబోతే జేబు మీద చెయ్యి అడ్డం పెట్టారు.

ఆ రాత్రి తొమ్మిది దాటాక ఇంట్లో లాప్‌టాప్ మూత ఎత్తాను. తెర మీద 14వ తేదీ నాటి ప్రాజెక్టు అలాగే ఉంది. నేను ఒక్క అక్షరం ముట్టుకోలేదు. అన్నానికి పిలిస్తే వెళ్లాను. మీ ఆటోసేవ్ అయిదు నిమిషాలకోసారి పనిచేస్తుంది కదా, అది తన దగ్గరున్న పాత ప్రతిని కొత్త టైముతో సేవ్ చేసింది. మీ క్లౌడ్ ఫోల్డర్ టైము ఒక్కటే చూస్తుంది. ఆఖరున సేవ్ అయింది కాబట్టి ఇదే సరికొత్తదనుకుని దుకాణం కంప్యూటర్‌కూ, పాతపట్నానికీ దాన్నే పంపింది. మర్నాడు పొద్దున్నే మా మేనల్లుడు ప్రచురించు మీట నొక్కాడు. సర్వర్ మీది పేజీలు కూడా వెనక్కి వెళ్లిపోయాయి. పది నిమిషాల్లో ఫోను చేశాడు: "మామయ్యా, గిడుగువారి పేజీలో సవర భాష సంగతే లేదేమిటి? నిన్న నేనే చదివాను కదా!"

దుకాణానికి పరిగెత్తాను. మానిటర్ అద్దం మీద మాస్టారి వేలి ముద్రలు వరసగా ఉన్నాయి. దిద్దుబాటు ఒక్కటీ లేదు.

ఇది నా పొరపాటేమోనని ముందు నన్ను నేనే అనుమానించుకున్నాను. ఒక్క పేజీతో ఖాళీ ప్రాజెక్టు చేసి, అందులో "ఒకటి" అని రాసి, ఇంట్లో తెరిచి ఉంచాను. దుకాణంలో దాన్ని "రెండు" అని మార్చి సేవ్ చేశాను. ఇంటికొచ్చి లాప్‌టాప్ ముట్టుకోకుండా గడియారం ముందు కూర్చున్నాను. అయిదో నిమిషం దాటేసరికి దుకాణంలోని "రెండు" మళ్లీ "ఒకటి" అయింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే. టైములు రాసుకున్న కాగితం నకలు దీనితో జతచేస్తున్నాను.

నా ఫిర్యాదు ఘర్షణ వచ్చిందని కాదు. ఇద్దరు ఒకే పని ముట్టుకుంటే ఎక్కడో ఒకచోట రాక తప్పదు. వచ్చినప్పుడు మీ సాఫ్ట్‌వేర్ కిక్కురుమనలేదు, అదీ నా ఫిర్యాదు. పైగా "సేవ్ అయింది" అని పచ్చ టిక్కు పెట్టింది. తాను తెరిచాక ఫైలు మారిందో లేదో సేవ్ చేసే ముందు ఒక్కసారి చూసుకోవాలి. మామూలు టెక్స్ట్ ఎడిటర్లు సైతం ఆ పని చేసి, మళ్లీ తెరవమంటారా అని అడుగుతున్నాయి. వికీపీడియాలో నేను దిద్దుతుండగా ఇంకొకరు అదే పేరా మార్చి భద్రపరిస్తే, ఘర్షణ వచ్చిందని చెప్పి ఇద్దరి పాఠమూ ముందు పెడుతుంది. వర్డ్‌ప్రెస్‌లో 2013 నుంచీ, ఈ వ్యాసాన్ని ఫలానావారు దిద్దుతున్నారని తాళం బొమ్మ కనిపిస్తుంది. అవి రెండూ ఉచితం. ఇంట్లో ఇద్దరు వండితే కూరలో ఉప్పు రెండుసార్లు పడుతుంది, సర్దుకుంటాం. మీ వంటింట్లో కూరే మాయమైంది, గిన్నె మాత్రం తళతళలాడుతోంది.

మా మేనల్లుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ప్రోగ్రాములు రాసేవాళ్లు వాడే గిట్‌లో పెట్టి చూశాడు. పాత ప్రతులు నిలుస్తున్నాయి కానీ ఇద్దరి మార్పులూ కలవడం లేదు. కారణం మీకు తెలిసిందే. 46 పేజీలనూ కలిపి ఒకే ముద్దలాంటి ఫైలుగా మీరు దాస్తారు. పేజీకో ఫైలు చొప్పున ఉంటే అతని పేజీ అతనిది, నా పేజీ నాది, సగం తగువు అక్కడే తీరేది.

చిన్న చిన్నవి ఇంకా ఉన్నాయి, తొందరగా చెప్పేస్తాను. మేనల్లుడు పెట్టిన 41 బొమ్మలు (కొమ్ముతో చేసిన కొంగలు, 1900లో మొదలైన మా చిన్న రైలు, రాజావారి కోట) నా దగ్గర బూడిదరంగు గళ్లుగా వస్తున్నాయి. బొమ్మను ప్రాజెక్టులో చేర్చుకోకుండా అతని డి డ్రైవు చిరునామా రాసుకుందట మీ సాఫ్ట్‌వేర్! నా కంప్యూటర్‌కు డి డ్రైవే లేదు. శీర్షికలకు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే గిడుగు ఫాంటు పెట్టాను, ఆయన ఊరి వెబ్‌సైటుకు ఆయన పేరున్న అక్షరాలని ముచ్చటపడి. ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే మాట మాత్రమైనా చెప్పకుండా వేరే అక్షరాలు వేసి, శీర్షికలను బొమ్మల మీదికి తోసింది.

ఫోనులో మీ ప్రతినిధి ఒకరు మర్యాదగానే మాట్లాడారు. ఒక సమయంలో ఒకరే తెరిస్తే మంచిదని, ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని అన్నారు. నిజమే. మరి మూడు కత్తులకు డబ్బులు తీసుకుని ఒక్క ఒర ఇచ్చింది ఎవరు?

ఆగస్టు 29న వెబ్‌సైటు తెలుగు పేజీలతోనే విడుదలైంది. గిడుగువారి పేజీని రెండు రాత్రులు కూర్చుని మళ్లీ రాశాను. ఒడియా భాగం ఇంకా రాలేదు. మాస్టారు సభలో రెండో వరసలో కూర్చున్నారు, ఏమీ అడగలేదు.

నేను కోరేది ఇది. ఆగస్టు 16 సాయంత్రం నాటి ప్రతి మీ సర్వర్లలో మిగిలి ఉంటే వెతికి ఇవ్వండి. లేకపోతే లేదని రాతపూర్వకంగా చెప్పి, ఈ ఏడాది చందా తిరిగి ఇవ్వండి. ఫైలు మారిందన్న హెచ్చరిక పెట్టేదాకా అమ్మకాల పేజీలో "ఎక్కడి నుంచైనా" అన్న మాట తీసేయండి. పదిహేను రోజులు చూస్తాను. ఆ తరువాత సేవాలోపం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాను. 2019 చట్టం ప్రకారం నేను నివసించే చోటే వేయవచ్చు. స్వయం ఉపాధితో బతకడానికి కొనుక్కున్నవాడు కూడా వినియోగదారుడే.

సోమవారం మాస్టారు మళ్లీ వస్తానన్నారు, మొదటి పేజీ నుంచి. మిగతావాటికి మీకు పదిహేను రోజులు పట్టినా, ఆటోసేవ్ ఆపే మీట ఎక్కడుందో ఈలోగా చెప్పించండి. సెట్టింగులన్నీ వెతికాను, దొరకలేదు.

ఇట్లు,
మీ చందాదారు,
డీటీపీ దుకాణం, పర్లాకిమిడి.

జతపరిచినవి: పరీక్ష టైముల కాగితం నకలు, చందా రసీదు, మీ మూడు జవాబులు.