ఒరేయ్ సూరీ, నువ్వు ఆ సినిమా చూడనే లేదు!

హైదరాబాద్,
2025 ఏప్రిల్ 20, ఆదివారం

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరం వచ్చి మూడు నెలలు దాటింది. జవాబు రాయలేదని ఈపాటికి తిట్టుకునే ఉంటావు, తిట్టుకో, పడతాను. మార్చి లెక్కలు, అమ్మ మోకాలు, వంటింట్లో కారే కుళాయి, ఇలా ఒకదాని వెనక ఒకటి. ఇప్పుడు అందరం బాగున్నాం. అమ్మ మళ్లీ మేడ మెట్లెక్కుతోంది. మీ చెల్లెలు ఆవకాయకు సరైన కాయ దొరకలేదని బెంగగా ఉంది. వార్తలు సమాప్తం.

ఇక అసలు సంగతి. ఫోనులో చెప్పవచ్చు కానీ, ఫోనులో నువ్వు మధ్యలో దూరి మాట తిప్పేస్తావు. కాగితం అయితే చచ్చినట్టు చివరిదాకా చదవాలి. పైగా పక్కింటాయన ఈ సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్‌కు మీ ఊరు వస్తున్నారు, ఆయన చేతికిస్తే రేపటికల్లా నీకు అందుతుంది.

దొంగా, నువ్వు ‘ఆదిత్య 369’ చూడనే లేదు!

ఎలా తెలిసిందంటావా? ఈ నెల 4న దాన్ని 4కె చేసి మళ్లీ విడుదల చేశారు. ఆరో తేదీ ఆదివారం, శ్రీరామనవమి. పొద్దున పానకం, వడపప్పు అయ్యాక చింటూగాడిని స్కూటరు మీద ఎక్కించుకుని బయలుదేరాను. కావాలనే ట్యాంక్‌బండ్ మీదుగా తీసుకెళ్లాను. ఎందుకో నీకు ఈపాటికే అర్థమై ఉంటుంది. బండి పక్కకు ఆపి, వాడికి బుద్ధ విగ్రహం చూపించి, “ఈ బుద్ధుణ్ణి ఇప్పుడు సినిమాలో చూస్తావు. హీరో 2504లోకి వెళ్తాడు, అప్పటికి హుస్సేన్‌సాగర్ అంతా ఎండిపోయి ఉంటుంది, బురదలో పడుకున్న బుద్ధుణ్ణి టైమ్ మెషీన్‌కు తాడు కట్టి పైకి లాగుతాడు” అని చెప్పాను. ఎంత ధీమాగా చెప్పాననుకున్నావు! పక్కన మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్నామె కూడా విసనకర్ర ఆపేసి విన్నది.

నవ్వకు. ఇంకా ఉంది.

సినిమా మొదలైంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో వజ్రం కోసం దొంగలు పడే ఘట్టం చింటూకు తెగ నచ్చింది. మన బడివాళ్లు అక్కడికి తీసుకెళ్లినప్పుడు గంట కొట్టే బొమ్మ కోసం పన్నెండింటిదాకా నేల మీద కూర్చోబెట్టారే, అది చెప్పబోతే “నాన్నా, ష్” అన్నాడు. సినిమాలోని కుర్రవాడు తరుణ్ అని, తర్వాత పెద్ద హీరో అయ్యాడని చెబితే నమ్మలేదు. మెషీను 1526కు వెళ్లింది. కృష్ణదేవరాయలుగా బాలకృష్ణ నడిచి వస్తుంటే హాల్లో కాగితాలు ఎగిరాయి. అందులో నలభై దాటినవాళ్లే ఎక్కువ, బట్టతలల మీద కాగితం ముక్కలు మెరుస్తూ ఉన్నాయి. తెనాలి రామకృష్ణుడిగా చంద్రమోహన్ కనిపించగానే నా వెనక ఎవరో ముక్కు చీదారు. ‘జాణవులే’ పాటకు మాత్రం హాలంతా కిక్కురుమనలేదు. అందులో జిక్కి గొంతు ఉంది, తెలుసా? 1955లో ‘అనార్కలి’కి పాడిన జిక్కి! ఇంటికొచ్చి చెబితే అమ్మ “నాకెప్పుడో తెలుసు” అని కొట్టిపారేసింది, అది వేరే సంగతి.

మూడు కాలాలకు ముగ్గురు ఛాయాగ్రాహకులు పనిచేశారు, పి.సి. శ్రీరామ్, వి.ఎస్.ఆర్. స్వామి, కబీర్‌లాల్. మన చిన్న టీవీలో ఆ తేడా ఏం తెలిసింది? అప్పట్లో అన్నీ ఒకటే రంగు, తడిసిన గోడ రంగు. పెద్ద తెర మీద రాయల కొలువు చూస్తుంటే, దర్శకుడు సింగీతం ‘మాయాబజార్’ దగ్గర కె.వి. రెడ్డిగారికి సహాయకుడిగా పనిచేసిన మనిషని గుర్తొచ్చింది. ఆ కొలువులో నిలబడ్డవాళ్లలో ఒక్కడు కూడా ఊరికే నిలబడలేదురా, ప్రతివాడికీ ఏదో ఒక పని ఉంది.

సరే, 2504 వచ్చింది. నేను సీటు అంచుకు జరిగాను. మూడో ప్రపంచయుద్ధం అయిపోయి, పైనంతా రేడియేషన్, జనం భూమి కింద బతుకుతున్నారు. చింటూ గుసగుసగా “నాన్నా, బుద్ధుడు ఎప్పుడొస్తాడు?” అన్నాడు. వస్తాడు, ఉండు అన్నాను. రెండు నిమిషాల తర్వాత మళ్లీ “నాన్నా, చెరువేది?” ఈసారి నేను పలకలేదు. ఆ భాగం చూడడానికి కొంచెం అట్టపెట్టెల్లాగే ఉందిలే, 1991 సినిమా, ఒప్పుకోవాలి. కానీ నా బాధ అట్టలు కాదు. అక్కడ హుస్సేన్‌సాగర్ లేదు. తాడు లేదు. బుద్ధుడు లేడు. చివరి పేర్లు పడేదాకా వాడు సీట్లోంచి లేవలేదు. దీపాలు వెలిగాక అందరూ వెళ్లిపోయిన హాల్లో, చీపురుతో వచ్చినాయన వింటూ ఉండగా, గట్టిగా అడిగాడు, “మరి బుద్ధుడు?”

ఆ చీపురాయన నా మొహంలోకి చూసిన చూపు నువ్వు చూడాల్సింది.

అప్పుడు వెలిగింది. 1992 వేసవి. మా ఇంట్లో అద్దె వీసీపీ, రాత్రికి రాత్రే మూడు క్యాసెట్లు చూసి పొద్దున్నే ఇచ్చెయ్యాలి. టైమ్ మెషీన్ భవిష్యత్తుకు బయలుదేరిందో లేదో, వీసీపీ కరకరమని టేపు నమిలింది. నాన్న స్క్రూడ్రైవరుతో మూత తీసి, లోపలినుంచి నల్లటి టేపును మూరలు మూరలుగా బయటికి లాగి, నలిగినదంతా కత్తెరతో కత్తిరించి, గోళ్లరంగు అంత సన్నగా అంటుటేపు వేసి అతికించారు. మళ్లీ వేస్తే సినిమా ఎక్కడికో గెంతింది. నేను ఏడుపు లంకించుకున్నాను. అప్పుడు నువ్వు చాప మీద పక్కకు తిరిగి, ఏమాత్రం తడుముకోకుండా, “నేను మా బాబాయితో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో చూశానుగా, ఆ ముక్క చెబుతా విను” అన్నావు. ఇక హుస్సేన్‌సాగర్, బురద, తాడు, అన్నీ వచ్చేశాయి. ఎందుకు రావు! 1990 మార్చిలో బుద్ధ విగ్రహం చెరువులో మునిగిపోయిన దగ్గరనుంచి నీకు అదే లోకం. ఆ రోజు మనుషులు కూడా పోయారని మనకు అప్పుడు బుర్రకెక్కలేదు. ఇప్పుడు అటువైపు వెళ్తే ముందు అదే గుర్తొస్తుంది.

నిజంగా మెచ్చుకోవాల్సింది తర్వాత జరిగింది. అదే 1992 డిసెంబరు 1న విగ్రహాన్ని నీళ్లలోంచి తీశారు. నేను పరిగెత్తుకుంటూ వచ్చి “2504లో కదా తీయాలి, ఇప్పుడే తీసేశారేమిటి?” అని నిలదీశాను. నువ్వు గోళీలు లెక్కపెట్టుకుంటూ, తలెత్తకుండా, “హీరో వెనక్కి వచ్చి చెప్పేశాడు కదా, అందుకే” అన్నావు. నేను నమ్మాను! ముప్పై మూడేళ్లు నమ్మాను. ఆఫీసులో ఇద్దరికి చెప్పాను కూడా. ‘మాయాబజార్’లో శశిరేఖ తెరిచే ప్రియదర్శిని పెట్టె నీ చేతికిస్తే, అందులో నీకు ఇష్టమైనది కాదు, నీ కట్టుకథలే బారులు తీరి కనిపిస్తాయి.

కోపం తన్నుకొచ్చింది మొదట. తిరిగొచ్చేటప్పుడు ట్యాంక్‌బండ్ మీదే మళ్లీ ఆగి, నీకు ఫోను చేద్దామని తీసి... అప్పుడొకటి తట్టింది. 1991లో మీ నాన్నగారికి నెలల తరబడి జీతం రాలేదు కదా. మీ బాబాయి అప్పటికి దుబాయిలోనే ఉన్నాడు కదా. అంటే నిన్ను ఎవరూ... సరే, వదిలెయ్. ఫోను జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాను.

అన్నట్టు, మిగతా సినిమాలు. ‘కోర్ట్’ చూశావా? విశాఖ కథే, మీ ఊరు, చూడకపోతే సిగ్గుచేటు. ప్రియదర్శి బాగా చేశాడు, కానీ శివాజీ వేసిన మంగపతి వేషం ఉంది చూడు, నా పక్క సీటామె తెర వైపు చెయ్యి చూపించి మరీ శాపనార్థాలు పెట్టింది. సంక్రాంతికి వచ్చిన వెంకటేష్ సినిమాకు ఇంటిల్లిపాదీ వెళ్లాం, అమ్మ నవ్వి నవ్వి మోకాలు పట్టుకుంది, నాకు మాత్రం రెండోసగం సాగినట్టనిపించింది. ‘మ్యాడ్ స్క్వేర్’ సంగతి మనిద్దరం కలిసినప్పుడు మాట్లాడుకుందాం, కాగితం తక్కువగా ఉంది. పాప్‌కార్న్ ధర గురించి అడగకు. ఆ డబ్బుతో అప్పట్లో వీసీపీనే కొనుక్కునేవాళ్లం అని మీ చెల్లెలితో అంటే, “అప్పుడు టేపు కూడా మీదే నలిగేది” అంది. నీ పక్షమే, ఎప్పటిలాగే.

అయ్యో, నాలుగున్నర అయింది. పక్కింటాయన సూట్‌కేసు వరండాలోకి వచ్చేసింది. ఒక్క ముఖ్యమైన విషయం ఉంది, దీనికోసమే ఇదంతా రాశాను. చింటూ రెండు వారాలుగా నన్ను నిలవనీయడం లేదు. తాడు కట్టి లాగాక బుద్ధుడు లేచి నిలబడతాడని, కళ్లు తెరుస్తాడని, హీరోతో ఒక మాట అంటాడని చెప్పావు. అక్కడిదాకా నాకు బాగా గుర్తుంది. ఏమన్నాడో ఎంత తన్నుకున్నా గుర్తుకు రావడం లేదురా. సినిమాలో లేదు కాబట్టి నిన్ను తప్ప ఎవరినీ అడగలేను. వెంటనే రాసి పంపు. మార్చి మాత్రం చెప్పకు, తప్పు చెబితే నాకు తెలిసి

తలుపు కొడుతున్నారు, ఉంటాను.

నీ
చిన్నా