మా అమ్మకి అండగా నిలిచిన వాళ్లందరికీ

ఒక హత్య కేసులో మా అమ్మ మీద పడిన అనుమానం తొలగిపోయింది. ఇప్పుడు ఆమె ఆ కేసులో సాక్షి మాత్రమే. లాయరక్క ఫోన్ చేసి ఈ మాట చెప్పినప్పటి నుంచి ఇది రాయాలని నా మనసు కొట్టుకుంటోంది. పేర్లు పెట్టొద్దని అందరూ గట్టిగా చెప్పారు కాబట్టి పెట్టడం లేదు. ఎవరి గురించి రాశానో వాళ్లకి తెలుస్తుంది.

తిరుపతిలో బాగా ఉన్నవాళ్లు ఉండే ఒక కాలనీలో అమ్మ చాలా ఏళ్లుగా ఇంటిపని చేస్తోంది. పోయిన తిరుచానూరు అమ్మవారి బ్రహ్మోత్సవాల రోజుల్లో అక్కడ ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడని ఇంట్లోనే ఎవరో చంపేశారు. గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు, ఇంటింటికీ కెమెరా ఉంది. అయినా ఎవరు చేశారో ఈ రోజుకీ తేలలేదు. తలుపు పగలగొట్టిన గుర్తులు లేవు, అంటే తెలిసినవాళ్ల పనే అన్నారు. ఆ ఇంటికి తెలిసినవాళ్లు ఎంతమంది లేరు! కానీ అందరికీ ముందు గుర్తొచ్చింది పనిమనిషే.

అమ్మ ఆవిణ్ణి పెద్దమ్మగారూ అని పిలిచేది. నా ఇంటర్ ఫీజు కట్టిన చెయ్యి అది. ఆమె కోసం కడుపారా ఏడ్చే తీరిక కూడా అమ్మకి దొరకలేదు. స్టేషన్‌కి రమ్మని ఫోన్ వచ్చేది, నోటీసు మాత్రం ఉండేది కాదు. పొద్దున పోతే చీకటి పడేదాకా బెంచీ మీదే. పనిచేసే ఇళ్లలో చాలామంది కొన్నాళ్లు రావద్దులే అన్నారు. టెన్షన్‌తో అమ్మకి తిండి సయించక మనిషి సగమైపోయింది.

ముందుగా మా వీధి మలుపులో చిల్లర కొట్టు అన్నకి దండం. హత్య జరిగిన సాయంత్రం అమ్మ ఎక్కడుందని పోలీసులు అడిగితే ఆమెకి భయంతో మాట రాలేదు. ఎవరూ అడగకముందే అన్న తన కొట్టు కెమెరా రికార్డింగ్ తీసి పెట్టాడు. పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కి చెరిగిపోతుందని ఆయనకి తెలుసు. అందులో అమ్మ కొంగు ముడి విప్పి, కర్పూరానికి చిల్లర లెక్కబెట్టి, ఒక రూపాయి తక్కువైతే మళ్లీ వెతుక్కుంటూ ఉంది. పక్కనే టైమ్ పడింది. అది ఎన్నిసార్లు చూశానో! ఇలాంటి వీడియో కోర్టులో చెల్లాలంటే సాక్ష్యాల చట్టమైన సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ కూడా జతపరచాలట. హత్య కేసులో సంతకం అంటే పెద్ద పెద్దవాళ్లే తప్పుకుంటారు. అన్న కొట్టు మూసేసి వచ్చి మరీ సంతకం పెట్టాడు.

లాయరక్క గురించి ఎంత చెప్పినా తక్కువే. న్యాయసేవల చట్టం 1987లోనే వచ్చిందట. దాని 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారని మాకు తెలియదు. న్యాయసేవల హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేస్తే దారి చూపించారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న, పోలీసు విచారణ ఎలా జరగాలో చెప్పే నాగరిక్ సురక్షా సంహితలో 179వ సెక్షన్ ఉంది. సాక్షిగా విచారించాలంటే ఆడవాళ్లని స్టేషన్‌కి రప్పించకూడదు, వాళ్లుండే చోటే అడగాలి. అక్క ఆ సెక్షన్ చూపించి అర్జీ పెట్టింది. లై డిటెక్టర్ పెడతామన్న మాట కూడా వచ్చింది. మనిషి ఒప్పుకోకుండా ఆ పరీక్ష చేయకూడదని సెల్వీ కేసులో 2010లో సుప్రీంకోర్టు చెప్పిందని అక్క వివరించాకే అమ్మకి నిద్ర పట్టింది. ఆ తర్వాత వచ్చిన అధికారి మహిళా కానిస్టేబుల్‌తో మా ఇంటికే వచ్చి, మా అరుగు మీద కూర్చుని, అమ్మ చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు. ఆయనకీ మా నమస్కారాలు.

అదే కాలనీలో ఉండే టీచరమ్మా, మీరు మాత్రం ఒక్క రోజు కూడా అమ్మని పని మానిపించలేదు. ఇంటి తాళాలు ఎప్పటిలాగే ఆమె చేతికే ఇచ్చి మీరు ఊరెళ్లారు. కాలనీ మీటింగులో లేచి, ఈమె సంగతి నాకు తెలుసు అని అన్నారట. ఆ మాట మాకు వేరేవాళ్లు చెప్పారు, మీరు చెప్పలేదు. అమ్మని స్టేషన్‌కి తీసుకెళ్లి, రాత్రయినా బయటే కాచుకుని ఇంటికి చేర్చిన ఆటో బాబాయికి, నాకు సెలవులిచ్చిన షాపు సారుకి, అన్నం క్యారియర్ పంపిన పక్కింటి అవ్వకి కూడా కృతజ్ఞతలు.

అమ్మ బయటపడిందని మాకు సంతోషంగానే ఉంది. కానీ పెద్దమ్మగారిని చంపినవాడు ఎక్కడో తిరుగుతున్నాడు. ఆ కాలనీవాళ్లకి నాదొక విన్నపం. పరువు పోతుందనో, కోర్టుల చుట్టూ తిరగాలనో ఆ రోజు చూసింది కడుపులో దాచుకోకండి. హత్య కేసుకి కాలపరిమితి లేదు, ఇప్పుడు చెప్పినా చెల్లుతుంది. విదేశంలో ఉన్న పెద్దమ్మగారి అబ్బాయి గారికి కూడా ఒక మాట. దర్యాప్తు ఎంతదాకా వచ్చిందో 90 రోజుల్లోపు బాధితుల వాళ్లకి తెలియజేయాలని అదే నాగరిక్ సురక్షా సంహిత 193వ సెక్షన్‌లో ఉందట. మీరు గట్టిగా అడగండి సార్. అమ్మకి తెలిసినదంతా మళ్లీ చెప్పమన్నా చెబుతుంది, ఎప్పుడు పిలిచినా వస్తుంది.