వార్షిక నివేదిక 2025-26: ఆఫీసు కంప్యూటర్లు కొత్త నెట్‌వర్క్ అకౌంట్లకు మారిన వైనం

మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది వేడుక, ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులు గారి జయంతి, ఆదివారం తెలుగు తరగతులు ఎప్పటిలాగే జరిగాయి. పంతులు గారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడిలో, ఒడియా మీడియం చదువుతున్న మన పిల్లలు వేదికెక్కి గడగడా తెలుగు చదువుతుంటే వినడం ఎంత సంతోషమో వచ్చినవాళ్లకు తెలుసు. జమాఖర్చులు కోశాధికారి గారి నివేదికలో చూడండి. ఈసారి ఎక్కువ చోటు కంప్యూటర్ల పనికే ఇస్తున్నాను. మన సభ్యులతో పాటు గుణుపురం, రాయగడ మిత్రులు కూడా దీని గురించే అడుగుతున్నారు.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. కంప్యూటర్లను ఎలాగూ విండోస్ 11కి మార్చాల్సి వచ్చింది కాబట్టి, అందరూ ఒకే అకౌంట్, ఒకే పాస్‌వర్డ్ వాడే పద్ధతికి కూడా స్వస్తి చెప్పాలని కార్యవర్గం నిర్ణయించింది. సభ్యుల ఫోన్ నంబర్లు, చందా వివరాలు ఉన్నచోట ఆ పద్ధతి ప్రమాదం. పాత కంప్యూటర్ ఒకదానిలో లినక్స్ మీద సాంబా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి సర్వర్‌గా పెట్టాం. 2012లో వచ్చిన 4.0 వెర్షన్ నుంచి సాంబా యాక్టివ్ డైరెక్టరీ డొమైన్ కంట్రోలర్‌గా, అంటే ఒక గుంపు (డొమైన్) కంప్యూటర్లన్నిటి అకౌంట్లనూ పాస్‌వర్డ్‌లనూ ఒకేచోట చూసుకునే సర్వర్‌గా, పనిచేస్తోంది, లైసెన్స్ ఖర్చు లేదు. ఇక ఎవరి అకౌంట్ వాళ్లదే.

అసలు చిక్కు అక్కడే మొదలైంది. పాత సంచికలన్నీ ఓపికగా టైపు చేస్తున్న మన రిటైర్డ్ మాస్టారు కొత్త అకౌంట్‌తో లాగిన్ అయ్యేసరికి డెస్క్‌టాప్ ఖాళీ. ఫైళ్లు లేవు, తెలుగు కీబోర్డు లేదు, ఫాంట్లు లేవు. ‘పర’ అని కొట్టి స్పేస్ నొక్కితే ‘పర్లాకిమిడి, గజపతి జిల్లా’ అని పడేలా వర్డ్‌లో ఆయన పెట్టుకున్న ఆటోకరెక్ట్ మాటలూ లేవు. “ఏటి బాబూ, నా అక్షరాలన్నీ ఏటైపోనాయి?” అని ఆయన అడిగితే గదిలో అందరికీ టెన్షన్ పట్టుకుంది.

ఏమీ పోలేదు. విండోస్ మనిషిని పేరుతో గుర్తుపట్టదు. ప్రతి అకౌంట్‌కూ సిడ్ (SID) అనే పొడవాటి గుర్తింపు సంఖ్య ఉంటుంది. పేరు ఒకటే అయినా డొమైన్ అకౌంట్ సంఖ్య వేరు కాబట్టి, ఎవరో కొత్త మనిషి వచ్చారనుకుని కొత్త ప్రొఫైల్, అంటే ఆ మనిషి ఫైళ్లూ అమరికలూ ఉండే ఫోల్డర్, తెరుస్తుంది. పాతది సీ డ్రైవ్ యూజర్స్ ఫోల్డర్‌లో చెక్కుచెదరకుండా ఉంటుంది.

చాలామంది పాత ఫోల్డర్‌లోని ఫైళ్లను కొత్తదాంట్లోకి కాపీ చేసి ఊరుకుంటారు. ఉత్తరాలు, ఫొటోలు వస్తాయి గానీ చేతి అలవాటు రాదు. 2018 చివర్లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ నుంచి ఫాంట్‌ను మామూలుగా ఇన్‌స్టాల్ చేస్తే ఆ యూజర్ ఒక్కరికే, వాళ్ల యాప్‌డేటా ఫోల్డర్‌లోకి వెళ్తుంది. అందుకే పక్క అకౌంట్‌లో కనిపించదు. కీబోర్డు అమరిక వగైరా ఎన్‌టీయూజర్.డాట్ (NTUSER.DAT) అనే ఫైల్‌లో ఉంటాయి. డెబ్బై దాటిన మనిషిని మళ్లీ మొదటి నుంచి అన్నీ పెట్టుకోమంటే టైపింగ్ ఆగిపోతుంది. మన దగ్గర తెలుగు టైపు చేసేవాళ్లు ఎందరని?

అందుకని ఉన్న ప్రొఫైల్‌నే కొత్త అకౌంట్‌కు అప్పగించాం. ఇల్లు అదే, తాళం చెవి మాత్రం కొత్త మనిషి చేతికిచ్చినట్టు. ఫోల్డర్ మీద హక్కులు, ఎన్‌టీయూజర్.డాట్ లోపలి హక్కులు కొత్త సిడ్‌కు ఇవ్వాలి. విండోస్ తన అమరికలు రాసుకునే రిజిస్ట్రీలో ప్రొఫైల్‌లిస్ట్ అనే చోట ఆ సిడ్ కింద పాత ఫోల్డర్ దారి రాయాలి. యూజర్ ప్రొఫైల్ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఇవన్నీ తానే చేస్తుంది. ఫోల్డర్ పేరు పాతదే ఉంటుంది. దాన్ని మార్చకండి, ఫాంట్లూ షార్ట్‌కట్లూ ఆ దారినే వెతుక్కుంటాయి.

మీ ఊళ్లో చేయబోయేవాళ్లకు కొన్ని జాగ్రత్తలు. ముందు మొత్తం ప్రొఫైల్‌ను బయటి హార్డ్ డిస్క్‌లోకి బ్యాకప్ తీయండి. వేరే లోకల్ అడ్మిన్ అకౌంట్ ఒకటి ఉంచుకోండి, ప్రొఫైల్ మార్చేటప్పుడు దానితోనే లాగిన్ అవ్వాలి. విండోస్ హోమ్ ఎడిషన్ డొమైన్‌లో చేరదు, ప్రో కావాలి. కంప్యూటర్‌లో డీఎన్‌ఎస్ (నెట్‌వర్క్‌లో పేర్లను బట్టి అడ్రసులు వెతికే ఏర్పాటు) మన సాంబా సర్వర్‌నే చూపించాలి, కంప్యూటర్, సర్వర్ గడియారాల తేడా 5 నిమిషాలు దాటకూడదు. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లకు వేసే తాళం పాత అకౌంట్‌తో ముడిపడి ఉంటుంది, కొత్తదాంట్లో తెరుచుకోకపోవచ్చు. వాటిని ముందే రాసిపెట్టుకోండి. విండోస్‌లోనే ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైళ్లుంటే విప్పేసిన తర్వాతే పని మొదలుపెట్టండి.

మాస్టారు మళ్లీ లాగిన్ అయ్యి, ఏమీ మాట్లాడకుండా ‘పర’ కొట్టి స్పేస్ నొక్కారు. ఊరూ జిల్లా వరసగా పడ్డాయి. ఆ వారమే ఆగిన సంచిక టైపింగ్ మళ్లీ మొదలైంది.

చదువుగదిలోని కంప్యూటర్ ఇంకా మారాలి, అది హోమ్ ఎడిషన్. ప్రో లైసెన్స్ కొనుగోలుకు ఈ సమావేశంలో మీ ఆమోదం కోరుతున్నాను. కొత్త కార్యవర్గం ఎన్నికైన రోజునే వాళ్ల అకౌంట్లు తెరుస్తాం, దిగిపోయేవాళ్లవి ఆపేస్తాం. ఆదివారం తరగతులు చెప్పేవాళ్లలో అకౌంట్ కావాల్సినవాళ్లు లైబ్రేరియన్ గారికి పేరు ఇవ్వండి.

కార్యదర్శి