కొత్త వెబ్‌సైట్ ఎక్కడిదాకా వచ్చిందంటే

అందరికీ నమస్కారం.

ఇన్నాళ్లూ మన ఆడియో రన్నింగ్ సెషన్లు వాట్సాప్ లింకుల మీదే నడిచాయి. పాతవాళ్లు తెలిసినవాళ్లకు లింకు పంపడం, వాళ్లు నాకు మెసేజ్ పెట్టడం, ఏ వారం నుంచి మొదలుపెట్టాలో నేను చెప్పడం, ఇలాగే సాగింది. ఇప్పుడు సొంతంగా ఒక వెబ్‌సైట్ తయారవుతోంది. ఎప్పుడు తెరుస్తారు, ఎందుకింత ఆలస్యం, రేటు పెంచుతారా అని చాలామంది అడుగుతున్నారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు ఉన్నదున్నట్టు అందరికీ ఒకేసారి చెబుదామని ఇది రాస్తున్నాను.

ఈ మధ్యే చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని బయటికి వెళ్తే, ఎప్పుడు పరుగెత్తాలో, ఎప్పుడు నడవాలో, ఎంత ఆయాసం వచ్చేదాకా ఫర్వాలేదో ఒక గొంతు తెలుగులో చెబుతూ ఉంటుంది. మనం అమ్మేది అదే. ఈ పద్ధతి మేం కనిపెట్టింది కాదు. 1996లో జోష్ క్లార్క్ అనే ఆయన సోఫాలోంచి లేవని మనిషిని కూడా 5 కిలోమీటర్లు పరుగెత్తించాలని ‘కౌచ్ టు 5కె’ అనే ప్లాన్ రాశారు. మొదటి వారంలో 5 నిమిషాలు వేగంగా నడక, ఆ తర్వాత 60 సెకన్ల పరుగు, 90 సెకన్ల నడక, ఇలా మార్చి మార్చి 20 నిమిషాలు. వారానికి మూడుసార్లు, మొత్తం 9 వారాలు. ప్రపంచంలో ఎన్నో యాప్‌లు ఆ దారిలోనే నడుస్తున్నాయి. మన ప్రోగ్రామ్ కూడా ఆ దారిదే. మన ఎండలకు, మన రోడ్లకు, కొత్తగా మొదలుపెట్టే నలభై ఏళ్ల మోకాళ్లకు తగ్గట్టు మార్చుకున్నాం.

ఇక వెబ్‌సైట్ సంగతి. కోడ్ రాసేది మా తమ్ముడు. పేజీ ఎలా ఉండాలో చూపించమని బయట ఒకరిద్దరు డిజైనర్లను కూడా అడిగాం. వచ్చిన నమూనాలన్నిటిలోనూ పైన ఒక పెద్ద ఫొటో. అందులో కండలు తిరిగిన మనిషి ఒకరు గాల్లో తేలుతూ దూసుకుపోతుంటారు. కింద ‘మీ హద్దులు చెరిపేయండి’ లాంటి మాట. చూడటానికి బాగానే ఉంది. కానీ మన సెషన్లలో ఎక్కువసార్లు వినిపించే మాట ‘మెల్లగా’. కొత్తగా పరుగు మొదలుపెట్టినవాళ్లలో ఎక్కువమంది వదిలేసేది కాళ్లు చాలక కాదు, మొదటి రెండు నిమిషాల్లోనే శక్తికి మించి పరుగెత్తడం వల్ల. ఊపిరాడక ఆగిపోతారు, ‘ఇది మన వల్ల కాదు’ అనుకుంటారు. వాళ్లను ఆపి, పక్కనున్న మనిషితో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగేంత వేగంలోనే ఉంచడం మన గొంతు చేసే అసలు పని. ఫొటో ‘దూసుకుపో’ అని, ఆడియో ‘తగ్గు’ అని చెబితే వచ్చినవాళ్లు దేన్ని నమ్మాలి? అందుకే ఫొటో తీసేశాం. అప్పటి నుంచి పేజీలో ఏది పెట్టాలన్నా, ఇది వచ్చినవాళ్లను తొందర పెడుతోందా అని ముందు చూస్తున్నాం.

ఇప్పుడు పేజీ తెరవగానే కనిపించేది ఒక వాక్యం, దాని కింద ‘వినండి’ అనే బటన్. నొక్కితే మొదటి వారం మొదటి సెషన్ మొత్తం వినిపిస్తుంది. అర నిమిషం ముక్క కాదు, పూర్తి సెషన్. ఫోన్ నంబరు అడగం, ఓటీపీ ఉండదు, లాగిన్ ఉండదు. బెండకాయ కొన విరిచి చూసి కొన్నట్టు, విని, పరుగెత్తి చూసి, నచ్చితేనే కొనాలి. నంబరు తీసుకోకపోతే తర్వాత ఫాలోఅప్ చెయ్యలేరు కదా అని శ్రేయోభిలాషులు హెచ్చరించారు. నిజమే, చెయ్యలేం. నచ్చినవాళ్లు వాళ్లే తిరిగి వస్తారని నా నమ్మకం. ఇన్నాళ్లూ అలాగే వచ్చారు.

పేజీ తెరవగానే ఆడియో దానంతటదే మొదలవాలని కూడా ఒక సలహా వచ్చింది. మనం కావాలన్నా అది కుదరదు. యూజర్ వేలితో తాకకుండా శబ్దం వచ్చే ఆడియో మొదలవకుండా క్రోమ్ 2018 నుంచే ఆపుతోంది. ఫోన్లలో మిగతా బ్రౌజర్లూ అంతే. ఆపకపోయినా నేను పెట్టేదాన్ని కాదు. ఆఫీసులో మీటింగ్ మధ్యలో ఎవరో లింకు తెరిస్తే నా గొంతు వాళ్ల పరువు తియ్యకూడదు.

మన పేజీని మనవాళ్లు ఎప్పుడు తెరుస్తారో ఆలోచించి రంగులు ఎంచుకున్నాం. కేబీఆర్ పార్క్ దగ్గరైనా, నెక్లెస్ రోడ్డు మీదైనా, విశాఖ బీచ్ రోడ్డులోనైనా మనవాళ్లలో చాలామంది పరుగు తెల్లవారకముందే. ఆ చీకట్లో తెల్లటి పేజీ కళ్లలోకి టార్చి కొట్టినట్టే ఉంటుంది. అందుకని ముదురు నేపథ్యం, లేత అక్షరాలు. బటన్ల సైజు కనీసం 44 పాయింట్లు ఉండాలని ఆపిల్, 48 ఉండాలని ఆండ్రాయిడ్ మార్గదర్శకాలు చెబుతాయి. చెమట పట్టిన వేలికి అవి చాలవు. ఆడియో ఆపే బటన్‌ను స్క్రీన్ కింది భాగమంతా పరిచాం. ఊపిరి ఎగబీలుస్తూ చూడకుండా నొక్కినా తగలాలి.

అనుకున్నదానికంటే ఎక్కువ టైమ్ తీసుకున్నది తెలుగు అక్షరాలే. దొరికే టెంప్లేట్లన్నీ, అంటే రెడీమేడ్ పేజీ నమూనాలన్నీ, ఇంగ్లిష్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి. వరుసకూ వరుసకూ మధ్య ఖాళీ తక్కువ. మన ఒత్తులు కిందికి, గుడులు పైకి పోతాయి. పై వరుసలోని ఒత్తు వచ్చి కింది వరుసలోని గుడిని తగులుతుంది. బటన్లలోనైతే ఒత్తు సగానికి తెగిపోతుంది. అక్షరం సైజు పెంచి, వరుసల మధ్య ఎడం కూడా పెంచితేనే చదవడానికి వీలైంది. మాటలు కూడా పొడుగు. ‘ప్రారంభించండి’ చిన్న ఫోన్‌లో రెండు ముక్కలైపోయింది, ‘వినండి’ ఒక్క ముక్కలో సరిపోయింది. ఫాంట్‌గా మండలి, నోటో సాన్స్ తెలుగు రెండూ పెట్టి చూసి, చీకట్లో నోటో తేలిగ్గా చదవగలుగుతున్నామని దాన్నే ఉంచాం. పెద్దవాళ్లయిన మన కస్టమర్లు కొందరు కళ్లజోడు లేకుండా పరుగుకు వస్తారు. వాళ్లు చదవలేని పేజీ ఎంత అందంగా ఉండి ఏం లాభం?

ఇప్పుడు ఆడియో ఎలా నడుస్తుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఫిర్యాదులు ఎక్కువగా వచ్చేవి ఇక్కడే. మొదట్లో మా ఆలోచన ఏమిటంటే, పేజీలో ఒక టైమర్ నడుస్తుంది, టైమ్ అవగానే ‘ఇప్పుడు నడవండి’ అనే చిన్న క్లిప్ వినిపిస్తుంది. ఎవరికి ఎన్ని నిమిషాలు కావాలో వాళ్లే మార్చుకోవచ్చు. చెప్పుకోవడానికి చాలా బాగుంటుంది. అయితే ఫోన్ జేబులో పెట్టి స్క్రీన్ ఆరిపోగానే, బ్యాటరీ మిగలాలని బ్రౌజర్ ఆ టైమర్లను నెమ్మది చేసేస్తుంది, ఒక్కోసారి ఆపేస్తుంది కూడా. మాట ఆలస్యంగా వస్తుంది. 60 సెకన్లే అతికష్టం మీద పరుగెత్తే మనిషికి ఇంకో 20 సెకన్లు అంటే చిన్న సంగతి కాదు. అందుకని ప్రతి సెషన్‌నూ మొదటి నుంచి చివరిదాకా ఒకే ఆడియో ఫైల్‌గా చేశాం. మధ్యలో నిశ్శబ్దం కూడా ఆ ఫైల్లో భాగమే. ఒకసారి మొదలైతే స్క్రీన్ ఆరినా మాట సమయానికే వస్తుంది. లాక్ స్క్రీన్ మీద కూడా ఆపే బటన్ కనిపిస్తుంది. నిమిషాలను ఇష్టం వచ్చినట్టు మార్చుకునే సౌకర్యం మాత్రం ఉండదు. దాన్ని పేజీలో స్పష్టంగా రాస్తున్నాం.

గొంతు మాత్రమే కాబట్టి ఆడియోను మోనోలో, అంటే రెండు చెవుల్లోనూ ఒకే శబ్దం వచ్చేలా, ఫైల్ చిన్నదిగా ఉండేలా 64 కేబీపీఎస్‌లో ఉంచాం. అరగంట సెషన్ దాదాపు 14 ఎంబీ. ఇంట్లో వైఫైలో ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే దారిలో సిగ్నల్ పోయినా ఆగదు.

కొత్త సైట్ మీ దూరాన్ని, వేగాన్ని లెక్కపెట్టదు. బ్రౌజర్‌లో తెరిచిన పేజీకి స్క్రీన్ ఆరాక జీపీఎస్ సరిగ్గా అందదు. లెక్క కావాలంటే స్ట్రావా లాంటి పరుగు లెక్కపెట్టే యాప్‌నో, చేతి వాచీనో పక్కన నడుపుకోండి. అయినా మన పద్ధతిలో వేగానికి పెద్ద పాత్ర లేదని నేను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాను. డిసెంబరులో హైదరాబాద్‌లో హాయిగా పరుగెత్తిన వేగమే మే నెలలో విజయవాడ ఉక్కలో మనిషిని కూలబెడుతుంది. అందుకే సెషన్లలో ‘కిలోమీటరుకు ఇన్ని నిమిషాలు’ అనం, ‘కష్టం పదిలో నాలుగు’ అంటాం. ఎండ పెరిగితే అదే నాలుగుకు వేగం దానంతటదే తగ్గుతుంది.

సినిమా పాటలు. ప్రతి వారం ఎవరో ఒకరు అడుగుతారు. నాకూ ఇష్టమే. కానీ పాట హక్కులు కొనకుండా దాన్ని మన సెషన్‌లో కలిపి అమ్మితే అది దొంగతనం. హక్కులు కొనే స్తోమత ఇప్పుడు మన దగ్గర లేదు. వేరే యాప్‌లో పాట పెట్టుకుని పైన మన గొంతు వినొచ్చు కదా అంటే, చాలా ఫోన్లలో బ్రౌజర్ ఆడియో మొదలవగానే ఆ పాట ఆగిపోతుంది. పాట సన్నగా తగ్గి, మాట అయ్యాక మళ్లీ పెరగడం యాప్‌లకు సాధ్యం, చాలా ఫోన్లలో వెబ్ పేజీకి ఆ పట్టు లేదు. పాట లేకుండా పరుగెత్తలేమనేవాళ్లు ఇది తెలుసుకుని కొనాలి. ఈ విషయం డబ్బు కట్టే బటన్ కంటే పైనే ఉంటుంది.

అదే చోట ఇంకో రెండు మాటలు కూడా ఉంటాయి. గుండె జబ్బు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, పరుగులో ఛాతీ నొప్పి లేదా కళ్లు తిరగడం అనుభవించినవాళ్లు ముందు డాక్టరును కలవాలి. రోడ్డు మీద పరుగెత్తేవాళ్లు ఒక చెవిలోనే ఇయర్‌ఫోన్ పెట్టుకోవాలి, రెండోది బండ్ల కోసం, కుక్కల కోసం ఖాళీగా ఉండాలి. సెషన్లు మోనోలో ఉన్నాయి కాబట్టి ఒక చెవిలో విన్నా ఏమీ పోదు. ఇలాంటివి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో పెట్టడం మామూలు. అమ్మకం తగ్గుతుందని భయమట. ఛాతీ నొప్పి ఉన్న మనిషి డాక్టరు దగ్గరికి వెళ్లకుండా నా సెషన్ కొంటే ఆ అమ్మకం నాకు వద్దు. ‘నెలలో పది కిలోలు’ లాంటి మాట, ముందు తర్వాత ఫొటోలు కూడా ఉండవు. బరువు పరుగొక్కదానితో తేలే లెక్క కాదు. మీరు పంపిన వాయిస్ మెసేజ్‌లు కొన్ని పెట్టాలని ఉంది, మీలో ప్రతి ఒక్కరినీ విడిగా అడిగి, ఒప్పుకుంటేనే పెడతాం.

ఇక డబ్బు. ఎనిమిది వారాల ప్రోగ్రామ్ అన్నీ కలిపి 499 రూపాయలు, ఒక్కసారే. మొదటి పేజీలో కనిపించే అంకే చివర్లో కట్టే అంకె. ఏ యూపీఐ యాప్‌తోనైనా కట్టొచ్చు. ఆటో డెబిట్ లేదు, కాబట్టి రద్దు చేసుకోవడం గురించి టెన్షన్ కూడా లేదు. కొందరు ‘ఈ ధర ఇంకో 10 నిమిషాలే’ అని గడియారం తిప్పమన్నారు, మూసెయ్యబోతే ‘నాకు ఆరోగ్యం అక్కర్లేదు’ అనే బటన్ చూపించమన్నారు. లేని తొందర పుట్టించడం, వద్దన్నవాళ్లను సిగ్గుపరచడం, రెండూ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ఇచ్చిన మార్గదర్శకాల్లోని 13 డార్క్ ప్యాటర్న్‌లలో, అంటే కొనేవాళ్లను మభ్యపెట్టే పేజీ ఎత్తుల్లో, ఉన్నవే. నియమం లేకపోయినా మనం చెయ్యం. చెవిలో ‘మెల్లగా’ అని చెప్పి, పేజీలో ‘త్వరగా’ అని అరవలేం.

యాప్ ఎందుకు చెయ్యలేదని అడిగినవాళ్లకు: ప్లే స్టోర్ అయినా, ఆపిల్ అయినా వాళ్ల బిల్లింగ్ వాడితే చిన్న డెవలపర్ల దగ్గర 15 శాతం తీసుకుంటారు. 499లో దాదాపు 75 రూపాయలు. దానికంటే ముఖ్యమైనది, ఒక్కసారి విని చూడటానికి యాప్ ఇన్‌స్టాల్ చెయ్యమనడం కొత్తవాళ్లకు పెద్ద అడ్డు. ఈ ఏడాదికి వెబ్‌సైటే.

మిగిలిపోయిన పనులు ఇవి. ఫోన్ కాల్ వచ్చి పెట్టేశాక కొన్ని ఫోన్లలో ఆడియో మళ్లీ మొదలవడం లేదు, చేత్తో నొక్కాల్సి వస్తోంది. దీన్ని సరిచేసేదాకా సైట్ తెరవం. ఏడు, ఎనిమిది వారాల సెషన్లు మళ్లీ రికార్డు చేస్తున్నాను. అక్కడ పరుగు ఎక్కువసేపు ఉంటుంది, మాటలు తక్కువ ఉండాలి, పాత రికార్డింగ్‌లో నేను అవసరానికి మించి మాట్లాడుతున్నానని మీరే చెప్పారు. డల్లాస్, న్యూజెర్సీల నుంచి అడుగుతున్నవాళ్లకు అక్కడి కార్డులతో కట్టే వీలు ఇంకా రాలేదు. అప్పటిదాకా ఇక్కడి ఇంట్లోవాళ్ల చేత కట్టించినా సెషన్లు మీ ఫోన్లో తెరుచుకుంటాయి.

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ 10 కిలోమీటర్ల పరుగుకు సిద్ధమవుతున్నవాళ్లు సైట్ కోసం ఆగకండి. మీ వాట్సాప్ లింకులు ఇప్పటిలాగే పనిచేస్తాయి, సైట్ వచ్చాక కూడా మూసెయ్యం. ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లు మళ్లీ ఏమీ కట్టక్కర్లేదు, మీ నంబరుతోనే అన్ని సెషన్లూ తెరుచుకుంటాయి.

మీ దగ్గర పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే, ముఖ్యంగా స్క్రీన్ చిన్నది, మెమరీ తక్కువది అయితే, నాకు మెసేజ్ పెట్టండి. టెస్ట్ లింకు పంపుతాను. ఒక సెషన్ పరుగెత్తి, మాట ఎక్కడ ఆగింది, ఎక్కడ ఆలస్యమైంది, ఏ అక్షరం తెగింది రాసి పంపితే చాలు.