మహిళా విభాగం వార్షిక నివేదిక: బీబీ టీటీతో ఒక ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

టాంజానియాలోని దార్ ఎస్ సలామ్‌లో ఉంటూ, వారానికి నాలుగుసార్లు బీబీ టీటీ మొహమ్మద్ రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుంటూ కూడా ఆవిడెవరో మనలో చాలామందికి తెలియదు. ఈ ఏడాది చదువు కార్యక్రమం ఆ సిగ్గుతోనే మొదలైంది. పది సమావేశాలు అనుకుంటే ఏడే జరిగాయి. రెండు వానకు పోయాయి, ఒకటి పిల్లల పరీక్షల టెన్షన్‌కి పోయింది.

ఎక్కువ రోజులు బీబీ టీటీ దగ్గరే ఆగిపోయాం. ఆవిడ 1926లో ఈ ఊళ్లోనే పుట్టారు. న్గోమా ఆటపాటల బృందంలో గాయని. 1955లో, ఇక్కడ స్వాతంత్ర్యం కోసం పోరాడిన టాను పార్టీలోకి ఆడవాళ్లను చేర్చే పని నెత్తిన పడితే, నేరుగా న్గోమా బృందాల పెద్దల దగ్గరికి వెళ్లారు. వాళ్లు కదిలితే బృందాలు కదిలాయి. "మన చీటీల గుంపులాగే!" అన్నారొక సభ్యురాలు. ఇక్కడి ఆడవాళ్లు వేసుకునే ఉపాటు కూడా చీటీయే మరి.

దేశాన్ని సోషలిజం బాట పట్టించిన 1967 అరూషా ప్రకటన దగ్గర మాత్రం గట్టి వాదనే నడిచింది. నాయకులు ఇళ్లు అద్దెకివ్వకూడదన్న నియమం నచ్చక ఆవిడ పార్టీ పదవి వదిలేశారు. అది స్వార్థమని కొందరు, ఆడదానికి అద్దె డబ్బే ధైర్యమని కొందరు. నాది రెండో పక్షం. తర్వాత రాజద్రోహం కేసులో యావజ్జీవ శిక్ష పడింది. 1972లో విడుదలయ్యారు. రోడ్డుకు పేరు పెట్టింది ఆ తర్వాతి సంగతి.

ఫెమినిజం పడమటి సరుకన్న మాట మన దగ్గరా వచ్చింది. నైజీరియాలోని అబెయొకుటా గురించి చదివాక మళ్లీ రాలేదు. ఆడవాళ్ల మీద వేసిన పన్నుకు ఎదురుతిరిగి 1947లో వేలమంది బజారు ఆడవాళ్లు రాజుగారి కోట ముందు కూర్చుని పాటలు కట్టి పాడారు. వాళ్లను నడిపించిన ఫున్మిలాయో రాన్సమ్ కుటి ఇంగ్లండులో చదువుకున్నావిడ. అయినా గౌన్లు మానేసి, వాళ్లలాగే బట్ట చుట్టుకుని యొరుబాలో మాట్లాడేవారు. 1949లో రాజు గద్దె దిగాడు.

ఆఫ్రికాలో ఆడవాళ్ల హక్కుల మీద 2003లో కుదిరిన మాపుటో ఒప్పందం చదవడం సగంలోనే ఆగింది. ఆ లాయర్ల భాష ఎవరికీ కొరుకుడు పడలేదు.

జూలై 31న మళ్లీ కలుద్దాం. 1962లో అదే తేదీన ఆఫ్రికా మహిళల సంస్థ పుట్టింది ఈ ఊళ్లోనే, ఆఫ్రికా దేశాధినేతలు ఆడిస్ అబాబాలో తమ సంస్థ పెట్టుకోవడానికి దాదాపు ఏడాది ముందే.

జెరాక్స్ కాపీలకూ టీలకూ చందా సరిపోయింది, మిగిలిందేమీ లేదు. మూడు పుస్తకాలు ఇంకా తిరిగి రాలేదు. ఎవరి దగ్గరున్నాయో వాళ్లకు తెలుసు.

కార్యదర్శి, మహిళా విభాగం